బయ్యర్ అడిగే పర్యావరణ లెక్క: చిన్న గార్మెంట్ ఫ్యాక్టరీ ఎక్కడ మొదలుపెట్టాలి?

‘బయ్యర్ సస్టైనబిలిటీ ఫారం పంపాడు, పది రోజుల్లో నింపి ఇమ్మంటున్నాడు. ముందు ఏ సర్టిఫికెట్ తీసుకోమంటారు?’ ఎగుమతి ఆర్డర్లు చేసే చిన్న ఫ్యాక్టరీల వాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. నా జవాబూ ఎప్పుడూ ఒకటే. సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు మీటరు పెట్టండి. ఎంత కరెంటు, ఎంత ఆవిరి, ఎంత బట్ట ఎక్కడ పోతోందో తెలియని ఫ్యాక్టరీకి సర్టిఫికెట్ ఇంకో ఖర్చు, అంతే. తెలిసినవాళ్లకు మాత్రం అదే లెక్క ఆడిట్‌లో జవాబుగా పనికొస్తుంది, ధర మాట్లాడేటప్పుడూ పనికొస్తుంది.

ఇక్కడ రాస్తున్నది బట్ట కొని, కోసి, కుట్టి, ప్యాక్ చేసి పంపే ఫ్యాక్టరీ గురించి. అద్దకం, వాషింగ్ బయట చేయించేవాళ్లు 6వ మెట్టు తప్పకుండా చదవండి. ‘అది మా పని కాదు’ అనుకునేవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత 12 నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రసీదులు, బాయిలర్ ఇంధనం బిల్లులు, నీళ్ల బిల్లులు లేదా ట్యాంకర్ రసీదులు
- నెలవారీగా కుట్టిన పీసుల సంఖ్య, ఒక్కో స్టైల్‌కు ఎస్ఏఎం (అంటే ఒక పీసు కుట్టడానికి పట్టాల్సిన ప్రామాణిక నిమిషాలు)
- కనీసం మూడు సబ్‌మీటర్లు (ఒక్కో విభాగానికి విడిగా పెట్టే కరెంటు మీటర్లు): మెషీన్లకు ఒత్తిడి గాలి ఇచ్చే కంప్రెసర్‌కు ఒకటి, కుట్టు లైన్లకు ఒకటి, ఐరనింగ్-ఫినిషింగ్‌కు ఒకటి
- కటింగ్ గదిలో ఒక తూకం మెషీన్
- స్టాప్‌వాచ్, దూరం నుంచి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- ఈ లెక్కలన్నీ తన పనిగా చూసుకునే ఒక మనిషి

చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. ‘అందరూ చూసుకుంటారు’ అంటే ఎవరూ చూడరని అర్థం. స్టోర్స్‌లోనో మెయింటెనెన్స్‌లోనో ఉన్న మనిషికి రోజుకు అరగంట ఈ పనికే ఇవ్వండి. కొత్తవాళ్లను తీసుకోనక్కర్లేదు.

1. హద్దు గీయండి, మొదటి ఏడాదిని ఎంచుకోండి

ఏ బిల్డింగులు లెక్కలోకి వస్తాయో కాగితం మీద రాయండి. పక్క షెడ్డులో ఎంబ్రాయిడరీ మెషీన్లు నడుస్తూ కరెంటు మీ మీటరు నుంచే పోతుంటే అవీ లెక్కలోనే. క్యాంటీన్, హాస్టల్ అదే మీటరు మీద ఉంటే విడదీయండి. వెంటనే కుదరకపోతే ‘కలిపి ఉంది’ అని రాసి పెట్టండి.

తర్వాత పోల్చి చూడటానికి ఒక ఏడాదిని మూల సంవత్సరంగా పెట్టుకోండి. సగం రోజులు మూసి ఉన్న ఏడాదిని తీసుకోవద్దు. అప్పుడు పీసులు తక్కువ, లైట్లు మాత్రం వెలిగాయి. లెక్క వంకరగా వస్తుంది, మరుసటి ఏడాది మీరేమీ చేయకపోయినా ‘బాగుపడినట్టు’ కనిపిస్తుంది. అనుభవం ఉన్న ఆడిటర్ మొదట పట్టుకునేది ఇలాంటివే.

2. పీసుకు కాదు, నిమిషానికి లెక్క కట్టండి

చాలామంది మొత్తం కరెంటును మొత్తం పీసులతో భాగించి ఫారంలో రాసేస్తారు. ఏడాది పొడుగునా ఒకే రకం టీషర్టు కుట్టేవాళ్లకు అది సరిపోతుంది. స్టైళ్లు మారేవాళ్లను అది మోసం చేస్తుంది.

ఉదాహరణ చూడండి. ఒక నెలలో 8 నిమిషాల ఎస్ఏఎం ఉన్న టీషర్టులు 1,00,000 కుట్టారు, కరెంటు 16,000 యూనిట్లు కాలింది. ఇంకో నెలలో 40 నిమిషాల జాకెట్లు 25,000 కుట్టారు, 17,500 యూనిట్లు కాలింది. పీసుకు చూస్తే 0.16 యూనిట్ల నుంచి 0.70కి ఎగబాకింది, చూడగానే టెన్షన్. కానీ మొదటి నెల కుట్టిన ప్రామాణిక నిమిషాలు 8 లక్షలు, రెండో నెల 10 లక్షలు. వెయ్యి నిమిషాలకు చూస్తే 20 యూనిట్ల నుంచి 17.5కి దిగింది. అంటే రెండో నెలలోనే మీరు పొదుపుగా నడిపారు.

కాబట్టి మీ సొంత రిజిస్టర్‌లో ‘వెయ్యి ప్రామాణిక నిమిషాలకు ఎంత’ అనే రాయండి. బయ్యర్ పీసుకు అడిగితే అదీ ఇవ్వండి, పక్కన ఇది కూడా పెట్టండి. జనరేటర్ డీజిల్‌కైతే లీటరుకు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. 500 లీటర్లు కాలిస్తే 1,340 కిలోలు. కరెంటు యూనిట్‌కు ఎంతన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీ దేశపు విద్యుత్ సంస్థ ప్రకటించిన అంకె, ఆ సంవత్సరానిదే వాడండి.

3. కటింగ్ టేబుల్ దగ్గర మొదలుపెట్టండి

డబ్బు ఉన్నది ఇక్కడే. మామూలు దుస్తుల్లో ఖర్చులో సగానికి పైగా బట్టదే. పైగా ఆ బట్టలోనే పత్తికి పెట్టిన నీళ్లు, అద్దకానికి పెట్టిన వేడి అన్నీ ఉన్నాయి. కటింగ్‌లో పారేసే ముక్కతో పాటు అవన్నీ పోతాయి. సోలార్ ప్యానెళ్ల మీద మనసు పడే ముందు మార్కర్ (బట్ట మీద ప్యాటర్న్ ముక్కలు ఎలా అమరాలో చూపే గీత) చూడమని ఊరికే చెప్పడం లేదు.

మార్కర్ ఎఫిషియెన్సీ అంటే తెలిసిందే: ప్యాటర్న్ ముక్కల వైశాల్యాన్ని మార్కర్ మొత్తం వైశాల్యంతో భాగించి శాతం కట్టడం. అది 82 నుంచి 84కి పెరిగితే పీసుకు 1.20 మీటర్లు పట్టే బట్ట 1.17కి దగ్గరగా దిగుతుంది. లక్ష పీసుల ఆర్డర్‌లో దాదాపు 2,850 మీటర్లు మిగులుతాయి.

చేయాల్సినవి:

ప్రతి థాను వెడల్పూ మూడు చోట్ల కొలవండి: మొదట్లో, మధ్యలో, చివర్లో. థాన్లను వెడల్పుల వారీగా గుంపులు చేసి, గుంపుకో మార్కర్ వేయించండి. అన్నిటికన్నా ఇరుకు థానుకు సరిపడే ఒక్క మార్కర్‌తో మొత్తం కోసేస్తే వెడల్పు థాన్ల అంచులు కత్తి కింద ఊరికే పోతాయి. ఇది చాలా ఫ్యాక్టరీల్లో రోజూ జరిగేదే, ఎవరూ లెక్కేయరు.

ఒకే మార్కర్‌లో సైజులు కలపండి. పెద్ద సైజు ముక్కల మధ్య ఖాళీల్లో చిన్న సైజు ముక్కలు ఇముడుతాయి.

లే (కోతకు ఒకదానిమీద ఒకటి పరిచిన బట్ట దొంతర) చివర్లు కొలవండి. ఒక్కో వైపు 2 సెంటీమీటర్లు వదిలితే సరిపోయేచోట ‘ఎందుకైనా మంచిది’ అని 4 వదులుతారు. 60 ప్లైల (పొరల) లేలో అదనంగా పోయేది 2.4 మీటర్లు. రోజుకు పది లేలు వేసేవాళ్లకు అది 24 మీటర్లు.

హెచ్చరిక: నిట్ బట్టను థాను విప్పగానే పరచి కోయకండి. విప్పి వదులుగా పరచి కొన్ని గంటలు అలాగే వదిలేయండి, లైక్రా ఉంటే 24 గంటలు. సాగి ఉన్న బట్ట కోశాక కుదించుకుపోతుంది. సైజు తగ్గిన పీసులు రిజెక్టయ్యాక మార్కర్‌లో మిగిల్చుకున్న రెండు శాతానికి అర్థం లేదు. షిప్‌మెంట్ తొందరలో మొదట కోత పడేది ఇలా వదిలేసే సమయానికే.

ముక్కలను వేరుచేయడం కూడా టేబుల్ దగ్గరే జరగాలి, గోనెసంచిలోకి వెళ్లాక కాదు. నూరుశాతం కాటన్, పాలిస్టర్, లైక్రా కలిసినవి వేర్వేరు సంచుల్లోకి, వీలైతే రంగుల వారీగా. కలగాపులగం వ్యర్థం కన్నా వేరుచేసిన కాటన్ ముక్కలకు మంచి ధర వస్తుంది, మళ్లీ నూలుగా మార్చేవాళ్లు కొనేది దాన్నే. మెషీన్ తుడిచిన నూనె గుడ్డలు వీటిలో కలపకండి. అవి ప్రమాదకర వ్యర్థం కింద విడిగా పోవాలి.

వారానికోసారి బట్ట లెక్క సరిచూడండి. వచ్చింది 1,000 కిలోలు అనుకుందాం. పీసుల్లోకి 790, కటింగ్ ముక్కలు 150, ఎండ్ బిట్లు (థాను చివర మిగిలిన ముక్కలు) 20, లోపమున్న బట్ట 15. మొత్తం 975. మిగిలిన 25 కిలోలు ఎక్కడున్నాయి? తేమ కావచ్చు, తూకం తేడా కావచ్చు, సరఫరాదారు తక్కువ పంపి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. జవాబు దొరికేదాకా వదలొద్దు.

4. గాలి, ఆవిరి, మోటార్లు

గాలి లీకేజీ పరీక్షకు ఖర్చేమీ లేదు. భోజన విరామంలో మెషీన్లన్నీ ఆపి కంప్రెసర్‌ను మాత్రం నడవనివ్వండి. లోడ్‌లో (గాలి నింపుతూ) ఎంతసేపు ఉంది, అన్‌లోడ్‌లో (నింపకుండా) ఎంతసేపు ఉంది అని స్టాప్‌వాచ్‌తో నాలుగైదు సార్లు రాయండి. లోడ్ సమయాన్ని రెండిటి మొత్తంతో భాగిస్తే లీకేజీ శాతం తెలుస్తుంది. 2 నిమిషాలు లోడ్, 6 నిమిషాలు అన్‌లోడ్ అయితే 25 శాతం. ఎవరూ వాడకుండానే పావు వంతు గాలి పోతోంది. 10 శాతం లోపు ఉంటే ఫర్వాలేదు. సబ్బు నురుగు పూసి కీళ్లు, గొట్టాలు, గన్నులు వెతకండి. తర్వాత ప్రెషర్ తగ్గించి చూడండి. ఒక బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటు సుమారు 7 శాతం తగ్గుతుంది. అయితే దారం కోసే ఆటో ట్రిమ్మర్లు సరిగా కోస్తున్నాయో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించండి.

ఆవిరి లైన్లలో ట్రాప్‌కు (ఆవిరిని ఆపి, చల్లబడి నీరైనదాన్ని మాత్రం బయటికి వదిలే వాల్వు) ముందు, తర్వాత థర్మామీటర్‌తో వేడి చూడండి. రెండు వైపులా దాదాపు ఒకే వేడి ఉంటే అది తెరుచుకుని ఉండిపోయి ఆవిరిని వదిలేస్తోందని అనుమానించండి. ట్రాప్ చల్లగా ఉంటే మూసుకుపోయి ఉండొచ్చు. చుట్టు లేని పైపులకు, వాల్వులకు ఇన్సులేషన్ చుట్టించండి. ఐరన్ టేబుళ్ల నుంచి వచ్చే వేడి నీటిని కాలువలోకి వదలకుండా బాయిలర్ ఫీడ్ ట్యాంకుకు తిప్పితే ఇంధనమూ నీళ్లూ రెండూ మిగులుతాయి. బాయిలర్ మీద చెయ్యి వేయాల్సింది మాత్రం అర్హత ఉన్న ఆపరేటరే. సేఫ్టీ వాల్వ్‌ను ఎవరూ ముట్టకూడదు.

పాత క్లచ్ మోటార్లు సూది ఆగినా తిరుగుతూనే ఉంటాయి. సర్వో మోటారు కుట్టేటప్పుడే తిరుగుతుంది. అన్నీ ఒకేసారి మార్చే డబ్బు లేకపోతే, సూది ఎక్కువసేపు ఆగి ఉండే ఆపరేషన్ల మెషీన్లతో మొదలుపెట్టండి. ట్యూబ్‌లైట్లను పైకప్పు నుంచి దించి సూది మీదకు తెచ్చినా తక్కువ లైట్లతో పని జరుగుతుంది. కానీ చెకింగ్ టేబుల్ దగ్గర వెలుతురు తగ్గించకండి. లైట్ల మీద మిగిలిన దానికి పదింతలు రీవర్క్‌లో కడతారు.

సోలార్ ఇవన్నీ అయ్యాకే. లీకేజీ గాలి నింపడానికి పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

5. రీవర్క్, విమానం

డీహెచ్‌యూ చూడండి: చెక్ చేసిన ప్రతి వంద పీసుల్లో ఎన్ని లోపాలు దొరికాయన్నది. విప్పి మళ్లీ కుట్టిన పీసు రెండోసారి కరెంటు తింటుంది, రెండోసారి ఐరన్ ఎక్కుతుంది, ఆపరేటర్ సమయమూ తింటుంది. ఎండ్‌లైన్‌లో మాత్రమే చెక్ చేసే లైన్లలో ఒకే తప్పు వంద పీసుల దాకా పాకిపోతుంది. లైన్ మధ్యలో ఒక చెకింగ్ పెట్టండి.

విమానంలో పంపిన ప్రతి షిప్‌మెంట్‌నూ విడిగా రాయండి. అదే బరువు, అదే దూరానికి ఓడతో పోలిస్తే విమానం కాల్చే ఇంధనం పదుల రెట్లు. ఏడాది పొడుగునా లైట్లు, మోటార్లు మార్చి మిగిల్చింది ఒక్క ఆలస్యం మింగేస్తుంది, ఆ ఆర్డర్ లాభంతో సహా. పక్కన కారణం కూడా రాయండి. ల్యాబ్ డిప్ (అద్దకానికి ముందు చూపే రంగు నమూనా) ఆలస్యమా, బటన్లు రాలేదా, బయ్యర్ శాంపిల్ అప్రూవల్ ఆలస్యమా? చివరిదైతే తేదీలతో ఈమెయిళ్లు దాచండి, విమాన ఖర్చు ఎవరు భరించాలన్న మాట వచ్చినప్పుడు పనికొస్తాయి.

6. బయట చేయించే అద్దకం, వాషింగ్

2011లో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో తమిళనాడులోని తిరుప్పూరులో వందలాది అద్దకం యూనిట్లు మూతపడ్డాయి. నొయ్యల్ నదిలోకి వాళ్లు వదిలిన నీళ్లే కారణం. నిలిచిపోయింది అద్దకం వాళ్ల పనొక్కటే కాదు, వాళ్ల బట్ట కోసం ఎదురుచూసే కుట్టు ఫ్యాక్టరీల పని కూడా. అందుకే మీ అద్దకం వాళ్ల ఈటీపీ (వాడిన నీటిని శుద్ధి చేసే ప్లాంటు) నడుస్తోందో లేదో మీరే వెళ్లి చూడాలి. చెప్పకుండా వెళ్లండి. బురద ఎక్కడికి పంపుతున్నారో రసీదులు అడగండి. ఈటీపీ కరెంటు మీటరు విడిగా ఉంటే ఆ రీడింగులు చూడండి. రోజూ అద్దకం జరుగుతూ ఈటీపీ మీటరు కదలకపోతే విషయం అర్థమవుతుంది.

మీ దగ్గరున్న రసాయనాల జాబితా కూడా రాయండి: పేరు, తయారీదారు, భద్రతా పత్రం, నెలకు ఎంత. జెడ్‌డీహెచ్‌సీ (ప్రమాదకర రసాయనాల విడుదలను ఆపడానికి పనిచేసే సంస్థ) నిషిద్ధ పదార్థాల జాబితాతో సరిచూడండి. అందరూ మరిచిపోయేది మరకలు తీసే స్పాట్ క్లీనర్‌ను, ప్రింటింగ్ పేస్టును. లేబుల్ లేని సీసాలో స్పాట్ క్లీనర్ కనబడిందంటే ఆడిటర్ ఇక ప్రతి మూలా వెతుకుతాడు.

7. సర్టిఫైడ్ సరుకు: కాగితం తెగిపోకూడదు

బయ్యర్ ఆర్గానిక్ లేదా రీసైకిల్డ్ అడిగితేనే ఈ మెట్టు. జీఓటీఎస్‌కు (ఆర్గానిక్ వస్త్రాల ప్రమాణం) కనీసం 70 శాతం ఆర్గానిక్ నార ఉండాలి. ‘ఆర్గానిక్’ అని నేరుగా లేబుల్ వేయాలంటే 95. జీఆర్ఎస్‌లో (రీసైకిల్డ్ సరుకు ప్రమాణం) 20 శాతం రీసైకిల్డ్ నుంచి సర్టిఫికెట్ ఇస్తారు కానీ, వస్తువు మీద లోగో వేయాలంటే 50 కావాలి. ఈ తేడా తెలియక హ్యాంగ్‌ట్యాగులు ప్రింట్ చేసి పారేసినవాళ్లున్నారు.

ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి. సరఫరాదారుకు స్కోప్ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. అది ఆ ఫ్యాక్టరీకి అర్హత ఉందని మాత్రమే చెబుతుంది. మీకు వచ్చిన ఈ సరుకు ఆర్గానిక్ అని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. కొనే ఆర్డర్‌లోనే అది ఇవ్వాలని రాయండి, సరుకు వాడేశాక అడిగితే ప్రాణాలు తోడేస్తారు.

మామూలు పత్తికి కూడా జాడ చూపాల్సిన రోజులివి. 2022 జూన్ 21న అమల్లోకి వచ్చిన బలవంతపు శ్రమ నిరోధక చట్టం కింద అమెరికా, చైనాలోని షిన్‌జియాంగ్ పత్తితో ముడిపడిన సరుకును రేవులోనే ఆపుతోంది. బలవంతపు శ్రమతో చేసిన వస్తువులపై యూరోపియన్ యూనియన్ నిషేధం 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది. నూలు ఏ మిల్లుది, ఆ మిల్లుకు పత్తి ఎక్కడిది అన్న ఇన్‌వాయిస్‌లు ఆర్డర్‌వారీగా ఒకే ఫైల్‌లో పెట్టండి.

8. మనుషుల గంటలు

రెండు హాజరు పుస్తకాలు పెట్టొద్దు. ఇంతకన్నా సూటిగా చెప్పలేను. వారానికి 48 గంటలు, ఓటీ (ఓవర్‌టైమ్) కలిపి 60కి మించకూడదన్నది ఎక్కువమంది బయ్యర్ల నియమం. మీ దేశపు చట్టం ఇంకా తక్కువంటే చట్టమే పాటించాలి. 64 గంటలు అయితే 64 అనే చూపించి, ఎలా తగ్గిస్తారో రాసివ్వండి. నిజం చెప్పిన ఫ్యాక్టరీకి గడువు దొరుకుతుంది. దొంగ పుస్తకం దొరికిన ఫ్యాక్టరీకి ఆర్డర్ పోతుంది. నూనె మరక ఉన్న పీసు మీద ఆదివారం తేదీతో బండిల్ టికెట్ (ముక్కల కట్టకు తగిలించే చీటీ) దొరికితే చాలు, ఆడిటర్‌కు అంతా తెలిసిపోతుంది.

బయటికి వెళ్లే తలుపులు పని గంటల్లో తాళం లేకుండా ఉన్నాయో లేదో రోజూ చూడండి. బంగ్లాదేశ్‌లో 2012 నవంబరు 24న తాజ్రీన్ ఫ్యాక్టరీ తగలబడి వందమందికి పైగా చనిపోయారు. అయిదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. అయినా తెల్లారి పనిలోకి రమ్మన్నారు. మీ బిల్డింగ్‌కు జనరేటర్ పై అంతస్తులో ఉంటే, లేదా తర్వాత కట్టిన అంతస్తులుంటే, పర్యావరణ ఫారం పక్కన పెట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి.

9. ధర మాట్లాడేటప్పుడు

నెల మొత్తం ఖర్చును (బట్ట, బటన్లు-జిప్పుల లాంటి ట్రిమ్ములు తీసేసి) ఆ నెల కుట్టిన ప్రామాణిక నిమిషాలతో భాగించండి. అది మీ నిమిషం ఖర్చు. దాన్ని స్టైల్ ఎస్ఏఎంతో గుణిస్తే మీరు దిగజారకూడని గీత తెలుస్తుంది. ‘మేం పర్యావరణహితం, కాబట్టి ధర పెంచండి’ అంటే వినే బయ్యర్ అరుదు. ‘మార్కర్‌లో ఇంత మిగిల్చాం, పీసుకు బట్ట ఇంత తగ్గింది, ఇందులో కొంత మీకు, కొంత మాకు’ అంటే కూర్చుని వింటాడు. మొత్తం మిగులు ఒకేసారి బయట పెట్టకండి. వచ్చే సీజన్‌కు దాన్నే కొత్త ధరగా పట్టుకుంటాడు.

ఫారంలో రాసేటప్పుడు ఖాళీగా వదలడం వేరు, సున్నా వేరు, ‘వర్తించదు’ వేరు. మీ దగ్గర వాషింగ్ లేకపోతే వర్తించదు. కొలవలేదంటే కొలవలేదని రాయండి. ఊహించిన అంకె ఒక్కటి దొరికినా మిగతా నిజమైన అంకెల మీదా అనుమానం వస్తుంది.

లెక్క సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు సబ్‌మీటర్ల మొత్తాన్ని మెయిన్ మీటరుతో పోల్చండి. తేడాకు లైట్లు, ఆఫీసు, పంపులు సరిపోవాలి. మూడో వంతు కరెంటుకు లెక్క దొరక్కపోతే ఎక్కడో మీటరు లేని పెద్ద మెషీన్ ఉంది.

ఆదివారం రాత్రి రీడింగ్ తీసుకుని సోమవారం తెల్లవారుజామున మళ్లీ చూడండి. ఎవరూ లేనప్పుడు కాలే కరెంటు మీకు తెలియకుండా పోయేది. చాలాసార్లు అది ఆపడం మరిచిన కంప్రెసరే.

ఒకే నెలలో అంకె ఉన్నట్టుండి 20 శాతం దాటి మారితే సంబరపడొద్దు, భయపడొద్దు. ముందు బిల్లు తేదీలు చూడండి, 28 రోజుల బిల్లును 33 రోజుల బిల్లుతో పోల్చి ఉంటారు.

చివరగా ఈ పరీక్ష చేయండి. ప్యాకింగ్‌లో సీల్ వేయబోతున్న ఒక కార్టన్ తెరిచి ఒక పీసు తీయండి. దాని బండిల్ నంబర్, కటింగ్ లే, థాను, బట్ట ఇన్‌వాయిస్, నూలు మిల్లు దాకా వెనక్కి వెళ్లండి. రెండు గంటల్లో చేరుకోగలిగితే మీ కాగితాలు ఆడిట్‌కు సిద్ధంగా ఉన్నట్టే. దారి ఎక్కడ తెగిందో, సోమవారం పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.